మన బెంగళూరు తెలుగు సంఘం వార్షిక నివేదిక 2025-26 (ఓడిపోయిన సెక్రటరీ రాస్తున్నది)

సభ్యులందరికీ నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఇది నేను రాసే ఆఖరి నివేదిక, మొన్న జనరల్ బాడీ ఎలక్షన్లో ఏడు ఓట్ల తేడాతో ఓడిపోయాను, ఆ కథ కిందకి వస్తుంది.

సంక్రాంతి, ఉగాది, కార్తీక వనభోజనాలు ఎప్పట్లాగే జరిగాయి. వనభోజనాల్లో పులిహోర చివరి పంక్తికి అందలేదు, తప్పు మాదే, వచ్చేవాళ్ళ లెక్క సరిగ్గా వెయ్యలేదు. అకౌంట్లు ఆడిట్ అయ్యాయి, ఆఫీసులో పెట్టాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఈసారి కొత్తగా చేసింది ఏంటంటే నెల నెలా జరిగే సభలన్నిటికీ ఒకటే సబ్జెక్ట్ పెట్టుకున్నాం, ప్రజాస్వామ్యం, ఎక్కడ నిలబడుతోంది ఎక్కడ కూలుతోంది అని. ఐడియా మన బ్యాంకు రిటైర్డ్ మాస్టారిది. రాజకీయాలు వద్దండీ గొడవలైపోతాయి అని కమిటీలో సగం మంది అన్నారు, నేనూ అన్నాను. చివరికి మన పార్టీల ఊసు ఎత్తకూడదు అని ఒక షరతు పెట్టుకుని మొదలుపెట్టాం. ఆ షరతు మొదటి సభలో టీ వచ్చేదాకా నిలబడింది.

ఎందుకంటే తెలుగువాళ్ళం నలుగురం కూర్చుని ఈ మాట మాట్లాడితే 1984 ఆగస్టు రాకుండా ఉంటుందా. గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని దించేసి నాదెండ్ల భాస్కరరావు గారిని కూర్చోబెట్టడం, ఎమ్మెల్యేలు జారిపోకుండా కాపలా కాయడానికి వాళ్ళని ఇటు కర్ణాటక పట్టుకురావడం, మన నంది హిల్స్‌లో కూడా పెట్టడం, నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణం చెయ్యడం, ఇదంతా పెద్దవాళ్ళు నిన్న జరిగినట్టు చెప్పారు. ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ఒకతి లేచి, ఎమ్మెల్యేల్ని దాచిపెట్టి ప్రజాస్వామ్యాన్ని కాపాడటమేంటి అంకుల్, ఇప్పటి రిసార్టులకీ దానికీ తేడా ఏంటి అంది. ఒక్కళ్ళూ సరైన జవాబు చెప్పలేదు. మాస్టారు మాత్రం బొమ్మై కేసు గుర్తు చేశారు. 1989లో కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉన్న బొమ్మై గారు సభలో బలం నిరూపించుకుంటా అన్నా గవర్నర్ వినలేదు, ప్రభుత్వం పోయింది, 1994లో తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు మెజారిటీ ఉందో లేదో తేల్చాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదు అన్నారు. ఆయన పదవి అయితే తిరిగి రాలేదు, తర్వాతి వాళ్ళకి పనికొచ్చింది.

దక్షిణ కొరియా మీద పెట్టిన సభకి జనం బాగా వచ్చారు. 2024 డిసెంబర్ 3 రాత్రి వాళ్ళ ప్రెసిడెంట్ యూన్ సుక్ యోల్ టీవీలోకొచ్చి మార్షల్ లా, అంటే సైనిక పాలన అన్నాడు, పార్లమెంటు దగ్గరికి సైన్యం వచ్చేసింది, 67 ఏళ్ళ స్పీకర్ గోడ ఎక్కి లోపలికి దూకాడు, మెంబర్లు ఎటు వీలైతే అటునుంచి దూరారు, మొత్తం 300 మందిలో 190 మంది చేరి 190 ఓట్లూ మార్షల్ లా వద్దనే వేశారు. ఆరు గంటల్లో అది ఎత్తేశారు, 2025 ఏప్రిల్ 4న కోర్టు ఆయన్ని పదవిలోంచి తీసేసింది. వాళ్ళు గోడలు దూకి కోరం పూర్తి చేస్తే మనకి లిఫ్ట్ ఉన్న హాల్లో కూడా కోరం కోసం ఫోన్లు చెయ్యాల్సొస్తోంది, ఇది నేను ఎవర్నీ ఉద్దేశించి అనట్లేదు.

అన్నిచోట్లా గోడ దూకే టైమ్ దొరకదు. మయన్మార్‌లో కొత్త పార్లమెంటు కూర్చోవాల్సిన రోజే, 2021 ఫిబ్రవరి 1న, తెల్లారేసరికి సైన్యం పట్టేసుకుంది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌ది ఇంకో రకం, అక్కడ ప్రెసిడెంట్ బుకెలె పార్టీ ఓట్లతోనే గెలిచి, 2021లో పెద్ద జడ్జీల్ని తీసేసి, 2025లో ఎన్నిసార్లైనా ప్రెసిడెంట్ అవ్వొచ్చని రూల్ మార్చేసుకుంది. క్రైమ్ తగ్గింది కదండీ జనానికి ఇంకేం కావాలి అని మన సభలోనే ముగ్గురు వాదించారు, నాకైతే అదే భయమేసింది.

ఆగస్టు 15న జెండా ఎగరేసి లడ్డూలు పంచుకుని ఇళ్ళకి పోకుండా ఫ్రీడమ్ పార్క్‌కి వెళ్ళాం, అది పాత సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీ ఇక్కడున్నారని అందరికీ తెలుసు. స్నేహలతా రెడ్డి పేరు మాత్రం మా బ్యాచ్‌లో ఇద్దరికే తెలుసు. నటి, మన నెల్లూరు కవి పఠాభి గారి భార్య, ఈ ఊళ్ళోనే ఉండేవాళ్ళు. 1976 మేలో తీసుకెళ్ళి ఎనిమిది నెలలు విచారణ లేకుండా ఉంచారు, ఆమెకి ఆస్తమా. బాగా పాడైపోయాక 1977 జనవరిలో పరోల్ మీద వదిలారు, జనవరి 18న ఇందిరా గాంధీ ఎన్నికలు ప్రకటించారు, 20న ఈమె పోయారు. మూడో క్లాసు పిల్ల ఒకతి మిగిలున్న ఒక గదిలోకెళ్ళి రెండు చేతులూ చాపి గోడలు అందుతాయేమో చూసింది, అప్పటిదాకా సెల్ఫీలు తీసుకుంటున్నవాళ్ళు ఆపేశారు. ఇప్పుడు బెంగళూరులో ధర్నా చెయ్యాలంటే పర్మిషన్ ఇచ్చేది ఆ ఆవరణలోనే.

ఆ రోజు బయట టిఫిన్ తింటూ ఇంకో మాట వచ్చింది. బీబీఎంపీ, అంటే మన బెంగళూరు కార్పొరేషన్, కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్లో అయిపోయింది, ఆ తర్వాత ఐదేళ్ళు ఇంత పెద్ద ఊరికి ఒక్క కార్పొరేటర్ లేడు. కొరియా గురించి రెండు గంటలు మాట్లాడిన మనం మన వార్డులో ఎవరూ లేరన్న సంగతి డ్రైనేజీ పొంగినప్పుడే గుర్తు చేసుకుంటున్నాం.

ఇక ఆఫ్రికాలోని మలావీ. 2019 ఎన్నికల్లో రిజల్ట్ షీట్ల మీద వైట్‌నర్ పూసి అంకెలు మార్చారని కేసు వేస్తే, ఐదుగురు జడ్జీలు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వేసుకుని కోర్టుకొచ్చి 2020 ఫిబ్రవరిలో ఎన్నిక కొట్టేశారు. మళ్ళీ పెడితే అప్పటి ప్రెసిడెంట్ ముతారికా ఓడి చక్వేరా గెలిచాడు. 2025లో అదే ముతారికా చేతిలో చక్వేరా ఓడాడు, ఓడానని ఒప్పుకుని దిగిపోయాడు.

ఈ కథ అంతా ఎందుకంటే, మన ఎలక్షన్. పదకొండేళ్ళుగా ఏకగ్రీవం, ఈసారి సెక్రటరీకి ఇద్దరం నిలబడ్డాం, స్వీట్ డబ్బాకి చిల్లు పెట్టి బ్యాలెట్ బాక్స్ చేశాం, 89 ఓట్లు పడ్డాయి. లెక్కపెడితే నాకు 46, ఆయనకి 43. చప్పట్లు కొట్టేశారు, శాలువా కూడా కప్పబోతున్నారు. అప్పుడు మల్లేశ్వరం నుంచి వచ్చే పెద్దమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని లెక్క కాయితం చేతిలోకి తీసుకుని, నా పేరు ఎదురుగా తెల్లగా మచ్చ కనపడేసరికి, "ఏం నాయనా, మలావీ చేస్తున్నారా ఇక్కడ?" అన్నారు. హాలంతా నవ్వు. కాయితం రాసినాయన అంకె తప్పుపడి దిద్దానండీ, అంతే అన్నాడు, నిజంగా అంతే కూడా. కానీ ఆవిడ కూర్చోలేదు, మళ్ళీ లెక్కపెట్టమన్నారు. పోనీలెండి భోజనాలు చల్లారిపోతాయి అన్నది నేనే, మినిట్స్‌లో ఉంది, కొట్టెయ్యొద్దని నేనే చెప్పాను. మళ్ళీ లెక్కపెడితే ఆయన ఐదు స్లిప్పుల కట్ట ఒకటి నా దాంట్లో కలిసిపోయింది. ఆయనకి 48, నాకు 41.

శాలువా ఆయనకి కప్పాం. సాంబారు నిజంగానే చల్లారిపోయింది.

రిజిస్టర్లు, రబ్బరు స్టాంపు, పాస్‌బుక్ కొత్త సెక్రటరీ గారికి ఇచ్చేశాను. స్టేషనరీ లిస్టులోంచి వైట్‌నర్ తీసేశాం, ఇకనుంచి తప్పుపడితే కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. బీరువా తాళాలు రెండిట్లో ఒకటే దొరికింది, ఇంకోటి మా ఇంట్లోనే ఎక్కడో ఉంది, వెతుకుతున్నాను.