కొనేది 450 వాట్లు, కాల్చేది రాత్రిపూట

సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. దాంతో కాలేజీ ల్యాబుల్లోనూ ఆఫీసుల్లోనూ పాత సిస్టమ్‌లు మార్చే పని పడింది. టెండరు కాగితాల్లో ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ‘450 వాట్ల ఎస్‌ఎంపీఎస్’ (గోడ కరెంటును మార్చి లోపలి భాగాలకు అందించే పెట్టె) అన్నీ వరసగా ఉంటాయి. సిస్టమ్ ఊరికే కూర్చున్నప్పుడు ఎంత కరెంటు లాగుతుందన్న ప్రశ్న మాత్రం సాధారణంగా కనబడదు. బిల్లులో పెద్ద వాటా ఆ ఊరికే కూర్చున్న గంటలదే.

ముందుగా ఆ 450 సంగతి. అది ఎస్‌ఎంపీఎస్ ఇవ్వగలిగే గరిష్ఠం. లోపల బోర్డు 50 వాట్లు అడిగితే 50 ఇస్తుంది, అంతే. చవక రకాల్లో ఆ గరిష్ఠం కూడా నమ్మదగింది కాదు. స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 14 ఆంపియర్లని ఉంటే, 12ను 14తో గుణిస్తే వచ్చేది 168 వాట్లు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా ఆ లైను మీదే నడుస్తాయి కాబట్టి మీరు కొన్నది నిజానికి 168 వాట్ల సరుకు. వెనకాల 115/230 అని ఎర్ర స్విచ్ ఉంటే అది పాత డిజైనని గుర్తు.

సామర్థ్యం లెక్క ఇలా ఉంటుంది. లోపల 50 వాట్లు కావాలంటే 70 శాతం సామర్థ్యమున్న ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి 71 వాట్లు లాగుతుంది, 85 శాతముంటే 59 చాలు. ఆ 12 వాట్ల తేడా వేడిగా వెనక ఫ్యానులోంచి పోతుంది. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 36 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకుంటే 324 రూపాయలు. మంచిదానికి 2 వేలు అదనంగా పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఆరేళ్లు దాటుతుంది. ‘గోల్డ్ ముద్ర (సామర్థ్యానికి ఇచ్చే గుర్తింపు) ఉన్నది వేయించండి, బిల్లు సగమవుతుంది’ అనే దుకాణదారు మాట నమ్మనక్కర్లేదు. షార్ట్ అయినప్పుడు మంచి ఎస్‌ఎంపీఎస్ బోర్డును కాల్చకుండా తనే ఆగిపోతుందన్న కారణంతో కొనండి, అది సరైన కారణం. ఇంకో మాట. బ్రాంజ్, గోల్డ్ ముద్రలకు పరీక్ష 20, 50, 100 శాతం లోడు దగ్గర జరుగుతుంది. 650 వాట్లదాని మీద 45 వాట్ల లోడంటే 7 శాతమే. అక్కడ ఆ ముద్ర ఏ హామీ ఇవ్వదు. గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు సిస్టమ్‌కు పెద్దది వేయించడం దండగ.

ఇప్పుడు రాత్రి లెక్క చూడండి. సాయంత్రం మానిటర్ ఆపేసి సీపీయూ వదిలేసి వెళితే 50 వాట్ల చొప్పున 14 గంటలు. 300 రాత్రులకు 210 యూనిట్లు. పైన చెప్పిన 36 దీని ముందు ఎంత? అదే సిస్టమ్ స్లీప్‌లో ఉంటే సాధారణంగా రెండు మూడు వాట్లకు మించదు. 40 సిస్టమ్‌ల ల్యాబులో ఒక్క రాత్రికే 28 యూనిట్లు. పగలు మానిటర్‌తో కలిపి ఒక్కోటి 80 వాట్లనుకుంటే 40కి 3,200 వాట్ల వేడి గదిలోకే వస్తుంది. దాన్ని బయటికి తోయడానికి ఏసీలో దాదాపు ఒక టన్ను దానికే సరి. స్క్రీన్ సేవర్ వల్ల ఏమీ మిగలదు. తెర నల్లగా ఉన్నా వెనక బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది.

మరి ఎందుకు ఆపరు? బద్ధకమని తిట్టే ముందు రెండు కారణాలు చూడాలి. ఒకటి, పాత హార్డ్‌డిస్కుతో సిస్టమ్ తెరుచుకోవడానికి ఐదు నిమిషాలు పట్టడం. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే అది అర నిమిషానికి దిగుతుంది. రెండోది చాలామందికి తట్టదు. బోర్డు మీద గడియారాన్ని నడిపే గుండ్రటి సీఆర్ 2032 సెల్ అయిపోయి ఉంటుంది. షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 5 వోల్టుల స్టాండ్‌బైతో గడియారం నడుస్తుంది కాబట్టి లోపం బయటపడదు. గోడ స్విచ్ తీసిన మర్నాడు తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, వెబ్‌సైట్లు సర్టిఫికెట్ సరిగా లేదంటూ తెరుచుకోవు. ‘స్విచ్ తీస్తే సిస్టమ్ పాడవుతోంది’ అని సిబ్బంది తేల్చేస్తారు. సెల్ ఖరీదు తక్కువే. మార్చి, బయోస్‌లో (విండోస్ తెరుచుకునే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) తేదీ సరిచేస్తే చాలు.

స్లీప్ పెట్టినా నిద్రపోని సిస్టమ్‌కు ఒక చిట్కా. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి powercfg /requests అని కొడితే ఏ ప్రోగ్రామ్, ఏ డ్రైవర్ పట్టుకుని ఉందో చూపుతుంది. requests బదులు lastwake అంటే చివరిసారి ఎవరు లేపారో చెబుతుంది. చాలాసార్లు దొరికేది ల్యాన్ కార్డో, మౌసో. డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్లి, కంప్యూటర్‌ను లేపే అనుమతి దగ్గరున్న టిక్ తీసేయాలి.

పూర్తిగా ఆపేచోట వరస తప్పకూడదు. ముందు షట్‌డౌన్, తర్వాత యూపీఎస్ బటన్, ఆ తర్వాతే గోడ స్విచ్. మధ్యది మరిచి గోడ స్విచ్ తీస్తే యూపీఎస్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద నడుస్తూ దాన్ని అడుగంటా ఖాళీ చేస్తుంది. రోజూ ఇలా జరిగితే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ నెలల్లోనే చచ్చిపోతుంది, నేరం మళ్లీ స్విచ్ తీయడం మీదికే పోతుంది.

కొలవడానికి క్లాంప్ మీటర్ (తీగను చుట్టి పట్టుకుని ఆంపియర్లు చూపేది) వాడొద్దు. అది చూపే ఆంపియర్లను 230తో గుణిస్తే వచ్చేది వీఏ, వాట్లు కాదు. పవర్ ఫ్యాక్టర్ (వీఏలో నిజంగా ఖర్చయ్యే వాట్ల వంతు) సరిచేసే ఏర్పాటు లేని చవక ఎస్‌ఎంపీఎస్‌తో 0.4 ఆంపియర్లు, అంటే 92 వీఏ కనబడినా, అసలు ఖర్చు 60 వాట్ల దగ్గర ఉండొచ్చు. ప్లగ్‌లో పెట్టే ఎనర్జీ మీటర్ మేలు. అది లేకపోతే గోడ మీది కరెంటు మీటరే చాలు. దాని మీద యూనిట్‌కు 3200 ఇంపల్స్ అని ఉందనుకోండి. మిగతావన్నీ ఆపి, సిస్టమ్ ఒక్కటే ఉంచి పది నిమిషాలు ఎర్ర లైటు మెరుపులు లెక్కపెట్టండి. 40 వస్తే 75 వాట్లు.

ప్రాసెసర్ గురించి ఒక్క మాట. ‘టీ’ అక్షరమున్న 35 వాట్ల ఇంటెల్ రకం కొంటే బిల్లు తగ్గుతుందనుకుంటారు. అది పూర్తి పనిలో గరిష్ఠాన్ని కట్టడి చేస్తుందే తప్ప, ఖాళీగా ఉన్నప్పుడు మామూలు రకానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. టైపింగు, బ్రౌజింగు మాత్రమే జరిగే చోట ల్యాప్‌టాప్ తరగతి ప్రాసెసర్‌తో వచ్చే మినీ పీసీ తీసుకుంటే ఊరికే ఉన్నప్పటి ఖర్చు 10, 15 వాట్లకు దిగుతుంది.

కాబట్టి టెండరులో మూడు వరుసలు చేర్చమని కొనుగోలు కమిటీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను: విండోస్ తెరిచి పది నిమిషాలు వదిలేశాక గోడ దగ్గర కొలిచిన వాట్లు ఎన్ని, స్లీప్‌లో ఎన్ని, ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల లైను మీద ఎన్ని ఆంపియర్లు. ఆ అంకెలు కొటేషన్‌లో రాసిచ్చి, సరుకు దించిన రోజు ఒక సిస్టమ్ మీద కొలిచి చూపమనాలి.

భవదీయుడు,
హార్డ్‌వేర్ సర్వీస్ ఇంజినీరు, ఒంగోలు