పల్స్ నమ్మున్రి, క్యాలరీలు చూసి తినకున్రి

సంపాదకుల వారికి నమస్తే,

మొన్న ఆదివారం మీ పేపర్ల ఆరోగ్యం పేజీల స్మార్ట్ వాచీల గురించి రాసిండ్రు. ఎక్సర్‌సైజు చేస్తే ఎన్ని క్యాలరీలు కాలినయో వాచీనే చెప్తది, దాన్ని బట్టి ఆ రోజు ఎంత తినాల్నో లెక్క చూసుకోవచ్చు అని. ఆ రెండో మాట చదివినకాంచి మనసు కుదురుతలేదు, అందుకే ఈ ఉత్తరం. నేను సర్కారు హైస్కూల్ల పీఈటీగా చేసి రిటైరైన. పిల్లలను గ్రౌండు చుట్టూ ఉరికించి, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, 15 సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతోని గుణించుడు నాకు ఏండ్ల సంది అలవాటు, కాబట్టి పల్స్ ఏందో క్యాలరీ ఏందో కొంత తెలిసే రాస్తున్న.

పల్స్ మటుకు వాచీ మంచిగనే చెప్తది. తిప్పి చూస్తే వెనుక పచ్చ లైటు మిణుకుమిణుకుమంటది కదా, రక్తం ఆ పచ్చ వెలుతురును పీల్చుకుంటది, గుండె కొట్టినప్పుడల్లా మణికట్టు కాడ రక్తం పొంగుతది, అప్పుడు తిరిగొచ్చే వెలుతురు తగ్గుతది, ఆ తగ్గుడునే అది లెక్కపెడ్తది. బెల్టు వదులుంటే తప్పు చూపిస్తది, ఒక్కోసారి గుండెను ఇడిసిపెట్టి చెయ్యి ఊగుడునే లెక్కపెడ్తది, లైటు పడే కాడ పచ్చబొట్టు ఉన్న ఆడవాళ్లకు కూడ సరిగ చూపియ్యకపోవచ్చు. ఇవన్నీ ఉన్నా సరే, పల్స్ చాలామందికి దగ్గరదగ్గరనే వస్తది.

క్యాలరీ సంగతి వేరే. 2017ల అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 60 మందికి ఏడు రకాల వాచీలు పెట్టి నడిపించిండ్రు, ఉరికించిండ్రు, సైకిల్ తొక్కించిండ్రు, ముక్కుకు నోటికి మాస్కు పెట్టి పీల్చిన ఆక్సిజన్ కొలిచి దాంతోని పోల్చి చూసిండ్రు. పల్స్‌ల ఏడింటికి ఆరు 5 శాతం తేడా లోపటనే ఉన్నయి. క్యాలరీల అన్నిటికంటే మంచిదానికే సగటున 27 శాతం తేడా వచ్చింది, అన్నిటికంటే పాడుదానికి 93 శాతం! ఆ తర్వాత వాచీలు బాగుపడ్డయి అంటరు, పడి ఉండొచ్చు, కానీ అసలు చిక్కు వాచీల లేదు, లెక్కలనే ఉంది.

ఎట్లంటే, ఒంట్ల క్యాలరీ కాలాలంటే ఆక్సిజన్ కావాలె, ఒక లీటరు ఆక్సిజన్ వాడితే దాదాపు 5 క్యాలరీలు కాలుతయి. వాచీ ఆ ఆక్సిజన్‌ను చూడలేదు, గుండె ఎన్నిసార్లు కొట్టిందో, చెయ్యి ఎంత కదిలిందో చూసి అందాజ కడ్తది. ఒక్కో దెబ్బకు ఎంత రక్తం పోయిందో, ఆ రక్తంల నుంచి కండ ఎంత ఆక్సిజన్ గుంజుకుందో దానికి తెల్వదు. ఎడ్లను కట్టి బావిల నీళ్లు తోడే మన పాతకాలం మోట యాది చేసుకున్రి, మోట ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టి, బాన ఎంతదో చూడకుండనే మడికి ఇన్ని నీళ్లు పారినయి అని చెప్తే ఎట్లుంటది, ఇది గూడ అట్లనే. రోజూ ఉరికేటోని గుండె ఒక్క దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తది, కొత్తగ మొదలుపెట్టినోని గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకుంటది. వాచీ ఆ ఇద్దరికి సగటు లెక్కనే కడ్తది.

ఇగ మన ఎండ. నేను మా ఊరి భద్రకాళి చెరువు బండ్ (కట్ట) మీద రోజూ ఒకే దూరం, ఒకే 45 నిమిషాలు నడుస్త. జనవరిల పొద్దుగాల నడిస్తే పల్స్ 104 కాడ ఉండేది, మే నెలల సాయంత్రం అదే నడకకు 116 అయింది. అడుగు ఒక్కటి ఎక్కువ ఎయ్యలేదు. ఎండకు ఒంటిని చల్లబరచాలె కాబట్టి రక్తం తోలు దిక్కు పోతది, చెమటకు నీళ్లు తగ్గుతయి, గుండె ఎక్కువ కొట్టుకుంటది, అంతే. 2005ల దక్షిణాఫ్రికా పరిశోధకులు అచ్చేసిన ఒక ఫార్ములా ఉంది, పల్స్, బరువు, వయసు కలిపి క్యాలరీ లెక్కగట్టేది, దాంట్ల మగవాళ్లకు పల్స్ ఒక్కటి పెరిగితే నిమిషానికి 0.63 కిలోజౌళ్లు (దాదాపు 4.2 కిలోజౌళ్లు అంటే ఒక క్యాలరీ) కలుపుతరు. ఆ లెక్కన నాకు పెరిగిన 12కు, 45 నిమిషాలకు, దగ్గర దగ్గర 80 క్యాలరీలు ఊరికెనే కలిసినయి. కంపెనీలు తమ ఫార్ములాలు బయట పెట్టవు, కానీ పల్స్‌ను పట్టుకొని లెక్కగట్టే ఏ వాచీకైనా ఈ బాధ తప్పదు. టెన్షన్ అయినా, గట్టి చాయ్ తాగినా, జిమ్‌ల బరువు ఎత్తి ఊపిరి బిగపట్టినా పల్స్ పెరుగుతది, క్యాలరీ అంత పెరగదు.

80 ఎంతల్ల అనుకోవద్దు. నెలకు 2400. ఒక కిలో కొవ్వుకు దాదాపు 7700 క్యాలరీలు అంటరు, అంటే వాచీ మీద భరోసాతోని ఆ 80 రోజూ ఎక్కువ తింటే మూడు నాలుగు నెలలకు ఒక కిలో పెరుగుడే, నడుచుకుంటనే పెరుగుడు! బండ్ కాడ నేను రోజూ చూస్తున్న, నడక అయిపోంగనే వాచీ చూసుకొని "నాలుగు వందలు కాలినయి" అని మిర్చి బజ్జీల బండి కాడ ఆగుతున్నరు. పెద్ద చెంచా నూనెనే 120 క్యాలరీలు. పైగా ఆ నాలుగు వందలల్ల మంచంల పండుకున్నా కాలేటియి గూడ కలిపి ఉంటయి, 70 కిలోల మనిషికి గంటకు 70 దాక ఊరికెనే కాలుతయి. వాచీల యాక్టివ్ అని ఒకటి, టోటల్ అని ఒకటి వేరే వేరే ఉంటయి, టోటల్ చూసి అదంతా నడకదే అనుకుంటున్నరు.

ఇంకో సంగతి నా ఇంట్లనే బయటపడ్డది. నేను పెట్టుకున్న వాచీ మా కొడుకు వాడి ఇచ్చింది. ఆరు నెలలు చూసుకుంట తిరిగినంక ఒకనాడు సెట్టింగులు తెరిస్తే, వయసు 31, బరువు 84 కిలోలు! అది వాని లెక్క. నా బరువు 68. మార్చినంక అదే నడకకు 390 చూపెట్టేది 310కి దిగింది. ఎంతమంది ఇండ్లల్ల పిల్లల వాచీలు పెద్దోళ్ల చేతులకు వచ్చి ఇట్లనే నడుస్తున్నయో.

అన్నిటికంటే మా బావ సంగతే నన్ను భయపెట్టింది. ఆయనకు బీపీకి మెటోప్రొలాల్ గోలీ నడుస్తది. ఆ గోలీ పనే గుండె వేగం తగ్గించుడు, అది, అటెనొలాల్, అసొంటియి వేసుకున్నోళ్లకు ఎంత నడిచినా పల్స్ పెద్దగ పెరగదు. మా ఇద్దరి నడక ఒక్కటే, నా వాచీల 300 ఉంటే ఆయన దాంట్ల 120 ఉండేది. "బామ్మర్దీ, నాకు సరిపోతలేదు" అని రెండు రౌండ్లు ఎక్కువ పెంచిండు, ఏప్రిల్ ఎండల. మూడో రోజు బండ్ మీద బెంచీ పట్టుకొని కూసున్నడు, మొఖం తెల్లబడ్డది, చేతులు చల్లబడ్డయి, నీళ్ల సీసా మూత నేనే తీసి పెట్టిన. డాక్టర్ చెప్పింది ఒక్కటే, నీ గోలీకి ఆ వాచీ లెక్క పనికిరాదు, నడుచుకుంట మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగం ఉంటే చాలు అని. గోలీ ఆపమని కాదు, ఎవ్వరూ ఆపొద్దు కూడ.

షుగర్ ఉన్నోళ్ల గురించి గూడ చెప్పాలె. వాచీల క్యాలరీ చూసి ఒక పూట అన్నం ఎక్కువ తినుడు, లేకుంటే ఇయ్యాల మస్తు నడిచిన అని గోలీ తప్పిచ్చుడు, ఇన్సులిన్ తగ్గించుడు చేస్తున్నోళ్లు ఉన్నరు. ఆ పని డాక్టర్‌ను అడగకుండ, గ్లూకోమీటర్ల చూసుకోకుండ చెయ్యొద్దు.

వాచీ తీసి పారెయ్యమని నేను అంటలేను. పొద్దుగాల లేవంగనే పల్స్ ఎంతుందో నెలనెలా చూసుకున్రి, నడక అలవాటైన కొద్ది అది దిగుతుంటే గుండె బలపడుతున్నట్టు. అదే తొవ్వల, అదే వాతావరణంల నిన్నటికి ఇయ్యాలకు పోల్చుకున్రి. పల్స్ లయ తప్పుతున్నదని పదేపదే చూపిస్తే దవాఖానకు పోండ్రి. బరువు తగ్గుతున్నదా లేదా అన్నది మటుకు కాంటా మీద, నడుముకు టేపు పెట్టి చూసుకున్రి.

మన ఊర్ల కాకతీయ యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, ఎన్ఐటీ ఉంది. ఆ స్టాన్‌ఫర్డ్ పరీక్షల ఒంటి రంగు నల్లగున్నోళ్లకు, బరువు ఎక్కువున్నోళ్లకు తేడా ఎక్కువ వచ్చింది. అసొంటప్పుడు మన మనుషుల మీద, మన మే నెల ఎండల, బీపీ గోలీలు వేసుకునేటోళ్ల మీద ఇక్కడనే కొలిచి చూడాల్నా వద్దా? ఒక మాస్కు మిషిన్, కొన్ని వాచీలు, పొద్దుగాల బండ్ మీదికి వచ్చే జనం, వీటితోనే మొదలుపెట్టొచ్చు. మీరు ఈ మాట వాళ్ల ముందట పెడ్తే వింటరు.

మీ ఆదివారం పేజీల ఆ రెండో మాటను మటుకు దిద్ది వెయ్యున్రి, అదే పేజీల, అంతే పెద్ద అక్షరాలల్ల. బండ్ కాడ చాయ్ హోటల్ల మీ పేపర్ ఒక్కటే వస్తది, పది మంది చేతులు మారుతది, మా బావ గూడ అదే చదువుతడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ, హన్మకొండ