మానసిక వైద్యం ఓపీలో బరువు, నడుం కొలత కూడా చూడాలి

సంపాదకుడు గారికి,

మా తమ్ముడికి 26 ఏళ్లు. స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక జబ్బుకు మాత్రలు మొదలుపెట్టాక చెవిలో మాటలు వినబడటం తగ్గింది, రాత్రిళ్లు నిద్రపోతున్నాడు, అంగడికి వెళ్లి సరుకులు తెస్తున్నాడు. ఆ మాత్రల విలువ మా ఇంటికి తెలుసు. కానీ ఆకలి ఆగట్లేదు. సంగటి తిని లేచిన గంటకే మళ్లీ అన్నం అడుగుతాడు. చుట్టాలేమో ‘ఒళ్లు చేశాడు, నయమైనట్టే’ అని సంతోషిస్తున్నారు. ఓపీకి వెళ్తే నిద్ర గురించి, కోపం గురించి అడిగి మందులు రాస్తారు. బరువు తూచమని ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఈ జబ్బుకిచ్చే ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులతో బరువు, షుగర్, రక్తంలో కొవ్వు పెరగవచ్చు. అలాగని నేరమంతా మందులదే కాదు. ఇంకా మందు మొదలుపెట్టని రోగుల్లోనూ ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే ఒంట్లో పైకి కనబడని వాపును తెలిపే సీఆర్‌పీ అనే ప్రొటీన్ రక్తంలో ఎక్కువగా ఉండటం, గ్లూకోజ్ అదుపు తప్పడం పరిశోధనల్లో బయటపడింది. పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు ఆ వాపును ఇంకా పెంచుతుంది. ఇవేవీ తెలియకుండా ‘తిండిపోతు, సోమరి’ అనేస్తారు. ఆ మాట వాడికెంత బాధో నేను చూస్తూనే ఉన్నాను.

తీవ్ర మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావారికంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆత్మహత్యలే కారణం అనుకుంటాం. ఎక్కువమందిని తీసుకుపోయేది గుండెజబ్బుల వంటి శారీరక రోగాలే.

మందు మొదలుపెట్టేటప్పుడు, మూడు నెలలకు, ఆపైన ఏడాదికోసారి బరువు, నడుం కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూస్తే చాలావరకు ముందే పట్టుకోవచ్చు. నడుం మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. అవసరమైతే డాక్టరే మందు మారుస్తారు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కలుపుతారు. దయచేసి ఎవరూ బరువు భయంతో సొంతంగా మాత్రలు ఆపొద్దు, జబ్బు తిరగబెడుతుంది.

జాతీయ స్థాయిలో ప్రభుత్వ బీపీ, షుగర్ పరీక్షల కార్యక్రమం ముఖ్యంగా 30 ఏళ్లు, ఆపైన వయసున్నవారి కోసం. ఈ మందులు వాడేవాళ్లకు ఆ వయసు నిబంధన తీసేయాలి. మానసిక రోగులకు వైద్యంలో మిగతా రోగులతో సమాన హక్కు ఉందని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది కదా. చిత్తూరు, తిరుపతి జిల్లాల వైద్యాధికారులు వెంటనే ప్రతి మానసిక వైద్య ఓపీకి ఒక తూకం యంత్రం, ఒక టేపు ఇప్పించి, చీటీ మీద మందుల పేర్ల పక్కనే ఆ కొలతలు రాయించాలని కోరుతున్నాను.

– ఒక అక్క, చిత్తూరు