జె-కట్‌కి ఎల్-కట్ రాయునది

ఒరేయ్ జె-కట్టూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. నువ్వు జె-కట్‌వి, బొమ్మ కంటే ముందే చప్పుడు వస్తుంది; నేను ఎల్-కట్‌ని, బొమ్మ మారినా పాత చప్పుడు వదలను. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. నడుంనొప్పి తగ్గింది, కళ్లజోడు నంబరు పెరిగింది, పిల్లది పరీక్షలు గట్టెక్కింది. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి విను. ఇంట్లో చెబితే "ఆ గీతలు అటుంటే ఏం, ఇటుంటే ఏం" అన్నారు. నువ్వు తప్ప ఇది అర్థమయ్యేవాడు నాకు లేడు.

మన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని మార్చేశారురా. బాగుచేయడం కాదు, మొత్తం మార్చేశారు. ఆదివారం రాత్రి అప్‌డేట్ చేయమని అడిగితే, ఏవో నాలుగు బగ్గులు తీసేసి ఉంటారులే అని నొక్కేశాను. (చేతిలో సినిమా ఉండగా అప్‌డేట్ జోలికి వెళ్లొద్దని నీకు వందసార్లు చెప్పింది నేనే. నవ్వుకో.) "పాత ప్రాజెక్టును కొత్త పద్ధతిలోకి మార్చమంటారా?" అంది. మార్చమన్నాను. నిద్రమత్తు.

పొద్దున తెరిస్తే వేరేవాళ్ల ఇంట్లోకి వచ్చినట్టుంది. ట్రాకులు, అంటే బొమ్మకీ శబ్దానికీ వేరువేరుగా ఉండే వరసలు, లేవు. బొమ్మల వి1 లేదు, శబ్దాల ఏ1 లేదు. క్లిప్పులన్నీ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నేను డైలాగులు పైన, ఎఫెక్టులు మధ్యలో, మ్యూజిక్ కింద పెట్టుకుంటానని నీకు తెలుసుగా, ఆ వరసంతా గల్లంతు. పదేళ్లుగా సర్దుకున్న బిన్లను (క్లిప్పుల ఫోల్డర్లను) అదేదో తన తెలివితో మళ్లీ సర్దింది. ఆ తెలివి గురించి తర్వాత చెబుతాను.

డైరెక్టర్ పదింటికి వచ్చి వెనకాల కూర్చున్నాడు. నాలుగో రీలు, తాత పోయే సీను. కథ విన్నప్పుడు నువ్వే అన్నావు, ఇక్కడ ఏమీ వేయొద్దు, నల్లగా వదిలెయ్ అని. అలాగే వదిలాను. తాత కళ్లు మూస్తాడు, ఆ తర్వాత 72 ఫ్రేములు నలుపు. అందులో మొదటి 48, అంటే రెండు సెకన్లు, నిశ్శబ్దం. చివరి సెకనులో స్కూలు బ్యాండు చప్పుడు మొదలై, ఆ తర్వాత స్కూలు కనిపిస్తుంది. నీ పేరు మీద వేసిన కట్ అది! ఆ 48 కోసం నేనూ డైరెక్టరూ మూడు రోజులు కొట్టుకున్నాం. 36 చాలదు, 60 అయితే ప్రొజెక్టర్ ఆగిపోయిందనుకుంటారు.

"మనవరాలి చూపు కొంచెం ఎక్కువైంది, ఆరు ఫ్రేములు తియ్యి" అన్నాడు. ఆరు ఫ్రేములంటే పావు సెకను, మనకి రెప్పపాటు పని. నా వేలు దానంతటది వెళ్లి కీ నొక్కింది. ఆ కీ ఇప్పుడు ట్రిమ్ కాదట, క్లిప్పుకి నక్షత్రాలు ఇస్తుందట. మనవరాలికి అయిదు నక్షత్రాలు పడ్డాయి. వెతికి వెతికి మౌస్‌తో ఆ ఆరూ తీసి, ప్లే చేశాను.

తాత ఇంకా కళ్లు మూయలేదురా. ధడ్ ధడ్ మని బ్యాండు!

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఈ కొత్త టైమ్‌లైన్‌కి ఖాళీ అంటే పడదు. నేను ఆ నలుపులో క్లిప్పేమీ పెట్టలేదు, ఉత్త ఖాళీగా వదిలాను. అది ఎవరో మరిచిపోయిన కంత అనుకుని, రాత్రి ప్రాజెక్టు మార్చేటప్పుడే మూసేసింది. స్కూలు వచ్చి తాత పక్కన అంటుకుంది, దానికి 24 ఫ్రేముల ముందున్న బ్యాండు తాత ముఖం మీదికెక్కింది. డైరెక్టర్ అరిచి ఉంటే బాగుండేది. చాలాసేపు స్క్రీన్ వైపు చూసి, "మనం కామెడీ తీస్తున్నామా?" అన్నాడు నెమ్మదిగా. నా అసిస్టెంట్ దగ్గు నటిస్తూ బయటికి పరిగెత్తాడు. గొడుగు రోజు గుర్తొచ్చింది నాకు. అంతకంటే చెప్పను.

ఇది సగమే. మిక్సింగ్‌కి ఏఏఎఫ్ (శబ్దాలు వేటికవి విడిగా ఉండే ఫైలు), రంగులు దిద్దే డిఐకి ఈడీఎల్ (కట్ల జాబితా) ఆ సాయంత్రమే ఇవ్వాలి. ఆ ఎగుమతి బటన్లు లేవు. "త్వరలో" అని బూడిదరంగులో రాసి ఉంది. ఏం చేస్తాం, శబ్దమంతా కలిపి ఒకే ఫైలుగా పంపాను. సౌండ్ ఇంజనీర్ ఫోన్ చేసి, "అన్నా, డైలాగూ, వర్షమూ, అడుగుల చప్పుడూ ముద్ద చేసి పంపావు, ఇందులోంచి గొంతు ఎలా ఏరుకోను?" అన్నాడు. పాత వెర్షన్‌కి వెళ్దామంటే, కొత్తదాంట్లో సేవ్ అయిన ఫైలు పాతది తెరవదు. కంపెనీకి రాస్తే "కొత్త అనుభవానికి స్వాగతం" అని ఒక వీడియో పంపారు. చివరికి ఆదివారం సాయంత్రం నాటి ఆటోసేవ్ దొరికింది, ఆ ఫోల్డర్‌కి దండం పెట్టాను. పాత వెర్షన్ మళ్లీ వేసుకుని పోయిన పనంతా తిరిగి చేశాను. తెల్లవారింది.

నీకు 2011 గుర్తుందా? జూన్‌లో ఆపిల్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో టెన్ వచ్చినప్పుడు? పాత సెవెన్ ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. ఈడీఎల్ లేదు, ఏఏఎఫ్ లాంటి ఓఎంఎఫ్ లేదు, పలు కెమెరాల షాట్లు కలిపి కట్ చేసే మల్టీకామ్ లేదు. పైగా పాతదాని అమ్మకం ఆపేశారు. ఇంటి వీడియోలు కట్ చేసుకునే ఆపిల్ ఐమూవీతో పోల్చి జనం "ఐమూవీ ప్రో" అని పేరు పెట్టారు, సంతకాలు సేకరించారు, కొందరు డబ్బు వెనక్కి తీసుకున్నారు. అమెరికా టీవీ హాస్యనటుడు కోనన్ ఓబ్రయన్ షో ఎడిటర్లయితే దాన్ని ఆటపట్టిస్తూ వీడియోనే చేశారు. మనం వేరే సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, ఆ వీడియో చూసి ఎంత నవ్వాం! ఇప్పుడు నవ్వు రావడం లేదు. ప్రాజెక్టును వేరే సాఫ్ట్‌వేర్‌కి పంపే ఎక్స్‌ఎంఎల్ వాళ్లకి సెప్టెంబరుకి వచ్చింది, మల్టీకామ్ 2012 జనవరికి. ఏడు నెలలు. నా సినిమా రిలీజుకి ఏడు వారాలుంది. తర్వాత తర్వాత అది బాగుపడింది, దానికి ప్రాణం పెట్టేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ బాగుపడేదాకా మనం ఏం చేయాలి?

నిజం చెప్పొద్దూ, ఒక్కటి మాత్రం బాగుంది. వెనకాల రెండర్ అవుతూ (ఎఫెక్టులవీ సిద్ధమవుతూ) ఉంటే మనం ఆగక్కర్లేదు. పెద్ద ఫైళ్లు కూడా గిలగిల్లాడకుండా ఆడుతున్నాయి. అసిస్టెంట్ తన పోర్టబుల్ హార్డ్‌డిస్కులో కొత్తదే పెట్టుకుని అరపూటలో ఒక టీజర్ కట్ చేసి చూపించాడు. బాగుందిరా, అదే నా బాధ. "సార్, ట్రాకులెందుకు సార్?" అన్నాడు. జవాబు తెలుసు, నోటికి రాలేదు. గురువుగారు మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చుని, కట్ దగ్గర గుర్తు పెట్టడానికి చెవి మీది పెన్సిల్ కోసం తడుముకున్నారు చూడు... ఆ రోజు మనిద్దరం గదిలోంచి బయటికొచ్చి ఎంతసేపు నవ్వామో. మావాడు కూడా ఆ రోజు బయటికెళ్లి

సరే, డైరెక్టర్ మెట్లెక్కుతున్నాడు, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఆయన కూడా జె-కట్టే. నీ దగ్గర పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ ఉంటే పారేయకు, రెండు కాపీలు తీసి పెట్టు. ఒకటి నాకు పంపు. అప్‌డేట్ అడిగితే మాత్రం నువ్వు

నీ ఎల్-కట్