నిక్ డేకోస్ గొప్పతనానికి ఓట్ల లెక్క చాలదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ చరిత్రలో కాలింగ్‌వుడ్ ఆటగాడు నిక్ డేకోస్ అందరికంటే మేటి కాగలడా అన్న ప్రశ్నపై మీ క్రీడా పుటలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. మెల్‌బోర్న్‌లో స్థిరపడి, ఇక్కడివాళ్లు ముద్దుగా ‘ఫుటీ’ అని పిలుచుకునే ఈ ఆటను ఏళ్ల తరబడి చూస్తున్న నాకు, ఒక తెలుగు పత్రిక దానికి ఇంత చోటు ఇవ్వడం ఎంతో సంతోషం కలిగించింది. అయితే డేకోస్ ఇంతవరకు, లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ (Brownlow) పతకం గెలవలేదు కనుక ఈ చర్చే తొందరపాటు అన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. చర్చ తొందరపాటే కావచ్చు గాని, దానికి కారణం మాత్రం అది కాదు.

1924 నుంచి ఇస్తున్న బ్రౌన్‌లో పతకాన్ని నిర్ణయించేది అంపైర్లు. లీగ్ దశలో ప్రతి మ్యాచ్ ముగిశాక వారు తమకు మేటిగా తోచిన ముగ్గురికి 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు. లీగ్ దశ తర్వాత సెప్టెంబరులో జరిగే ఫైనల్స్ మ్యాచ్‌లు ఈ లెక్కలోకి రావు. ఆ సీజన్‌లో నిషేధానికి గురైన ఆటగాడు ఎన్ని ఓట్లు తెచ్చుకున్నా పతకానికి అనర్హుడే. అంపైరు ఎప్పుడూ బంతి వెంటే ఉంటాడు కాబట్టి, బంతి చుట్టూ తిరిగే మిడ్‌ఫీల్డర్లే అతని కళ్లలో ఎక్కువగా పడతారు. 1360 గోల్స్‌తో నేటికీ రికార్డు తన పేరిటే ఉంచుకున్న టోనీ లాకెట్ 1987లో ఈ పతకం అందుకున్నాడు, అదీ జాన్ ప్లాటెన్‌తో కలిసి. అతను తప్ప మరే ఫుల్ ఫార్వర్డూ (గోల్ ముందు నిలిచి గోల్స్ చేసే ఆటగాడు) దాన్ని గెలవలేదు.

మరి ఈ ఆటలో ‘ఆల్‌టైమ్ గ్రేట్’ ఎవరని అడిగితే పెద్దల నోట మొదట వినిపించే పేర్లు ఏవి? లీ మాథ్యూస్, వేన్ కేరీ, గ్యారీ అబ్లెట్ సీనియర్, టెడ్ విట్టెన్. ఈ నలుగురిలో ఒక్కరికీ బ్రౌన్‌లో పతకం రాలేదు. మాథ్యూస్ 332 మ్యాచ్‌లలో 915 గోల్స్ చేసి, హాథార్న్ తరఫున నాలుగు ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ టైటిళ్లు) గెలిచారు. ఆటగాళ్లు తమలో మేటిని తామే ఎన్నుకుని ఇచ్చుకునే ట్రోఫీకి ఈనాడు ఆయన పేరే ఉంది. మాథ్యూస్‌కే దక్కని పతకం తనకు లేదన్న కారణంతో డేకోస్‌ను పక్కన పెట్టడం ఏ న్యాయం?

ఓట్ల లెక్కే చూడాలన్నా డేకోస్ తక్కువేమీ తినలేదు. 2023లో లాకీ నీల్ 31 ఓట్లతో గెలిస్తే, మోకాలి గాయంతో లీగ్ దశ చివరి మూడు రౌండ్లు ఆడలేకపోయిన డేకోస్ 28 ఓట్లతో మూడో స్థానంలో నిలిచాడు. అప్పటికి అతని వయసు 20 ఏళ్లు. మరుసటి ఏడాది అతనికి 38 ఓట్లు వచ్చాయి. ఇప్పుడున్న 3, 2, 1 పద్ధతిలో అంతకుముందు వరకు రికార్డు 36 మాత్రమే. అంటే ఈ పద్ధతిలో అంతకుముందు ఏ ఏడాదైనా ఆ ఓట్లతో పతకం అతనిదే అయ్యేది. కాని ఆ రాత్రే కార్ల్‌టన్ కెప్టెన్ ప్యాట్రిక్ క్రిప్స్ 45 ఓట్లతో కొత్త రికార్డు సృష్టించాడు. 2025లో మ్యాట్ రోవెల్ తర్వాత మళ్లీ డేకోస్‌కు రెండో స్థానమే మిగిలింది. దీన్ని దురదృష్టం అనవచ్చునేమో గాని లోపం అనలేం.

నన్ను నిజంగా ఆలోచనలో పడవేసేది వేరే విషయం. ఫుటీలో ఆటగాడి స్థాయిని తేల్చేది సెప్టెంబరు నెల. సీజన్ అంతా ఎంత బాగా ఆడినా, ఎంసీజీలో సుమారు లక్ష మంది ముందు జరిగే గ్రాండ్ ఫైనల్‌లో చేసిన ఆటనే జనం తరతరాలు చెప్పుకుంటారు. 1989 గ్రాండ్ ఫైనల్‌లో అబ్లెట్ సీనియర్ తొమ్మిది గోల్స్ చేశారు. గీలాంగ్ ఆరు పాయింట్ల తేడాతో ఓడినా, ఆ రోజు మేటి ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం ఆయన మెడలోనే పడింది. రిచ్‌మండ్‌కు ఆడిన డస్టిన్ మార్టిన్ 2017, 2019, 2020 గ్రాండ్ ఫైనల్స్‌లో ఆ పతకాన్ని మూడుసార్లు గెలిచాడు. ఆ ఘనత మరెవరికీ లేదు. లీగ్ మ్యాచ్‌లలో మార్టిన్‌ను మించి నిలకడగా ఆడినవారు ఆ రోజుల్లోనే కొందరు ఉన్నారు. అయినా మేటి ఆటగాళ్ల చర్చలో అతని పేరు ముందు వరుసలో ఉండటానికి కారణం ఆ మూడు గ్రాండ్ ఫైనల్సే.

డేకోస్‌కు అలాంటి రోజు ఇంకా రాలేదు. 2023లో బ్రిస్బేన్‌పై కాలింగ్‌వుడ్ 90-86తో, నాలుగే పాయింట్ల తేడాతో గెలిచినప్పుడు, గాయం నుంచి కోలుకుని వచ్చిన అతను బాగానే ఆడాడు. ఆ రోజు మైదానాన్ని ఏలినవాడు మాత్రం అతని సహచరుడు బాబీ హిల్. 2024లో కాలింగ్‌వుడ్ ఫైనల్స్‌కే చేరలేదు. 2025లో ప్రిలిమినరీ ఫైనల్ (సెమీఫైనల్ వంటిది) వరకు వెళ్లి అదే బ్రిస్బేన్ చేతిలో ఓడింది. వ్యాసకర్త ఈ వైపు నుంచి చర్చ నడిపి ఉంటే నేను ఈ లేఖ రాసేవాణ్ణి కాదు.

ఇక ‘ట్యాగింగ్’ సంగతి. ప్రత్యర్థి జట్టు తమ ఆటగాళ్లలో ఒకరికి బంతి గురించిన ధ్యాసే వద్దని, ఫలానా ఆటగాణ్ణి నీడలా వెంటాడి ఆడనివ్వకుండా చేయడమే పని అని అప్పగిస్తుంది. 2023 ఆగస్టులో హాథార్న్ తరఫున ఫిన్ మగినెస్ ఈ పని ఎంత బాగా చేశాడంటే, సాధారణంగా 30 సార్లు బంతి అందుకునే డేకోస్‌కు ఆ రోజు అది దక్కింది ఐదు సార్లే. ఆ మ్యాచ్‌లోనే అతనికి మోకాలి గాయం అయిన మాట నిజమే. అయినా నెపమంతా గాయం మీదకు నెట్టేస్తే మగినెస్‌కు అన్యాయం చేసినట్టే.

అప్పటి నుంచి డేకోస్ దీనికి విరుగుడు నేర్చుకుంటున్నాడని నేను నమ్మడానికి కారణం ఉంది. టీవీ కెమెరా బంతిని వదలదు కాబట్టి స్టాండ్‌లో కూర్చుంటేనే కనిపించే సంగతి ఇది. ఆట మధ్యలో అంపైరు బంతిని పైకి లేపే ముందు వెంటాడే ఆటగాడి చేయి డేకోస్ జెర్సీ మీద ఉంటుంది. అతను ఆ చేతిని విదిలించుకోడు. ఏమీ పట్టనట్టు నడుచుకుంటూ తనవైపు రక్షణ పంక్తి దాకా వెళ్లిపోతాడు, వెంటాడేవాడూ అనుసరిస్తాడు. దానితో మధ్యలో ఏర్పడిన ఖాళీని సహచరులు వాడుకుంటారు. బంతి బయటపడ్డాక డేకోస్ రెండో వరుసలో వచ్చి హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టి ఇచ్చే పాస్) అందుకుంటాడు గాని వెంటనే తన్నడు. అర క్షణం ఆగుతాడు. ఎదుటివాడి బరువు ఏ కాలి మీదకు ఒరిగిందో చూసి, అవతలి వైపు నుంచి, కుడి కాలైనా ఎడమ కాలైనా అదే సులువుతో బంతిని పంపుతాడు. ఈ అర క్షణం ఏ గణాంకాల పట్టికలోనూ ఉండదు.

వేర్వేరు కాలాల ఆటగాళ్లను పోల్చేటప్పుడు వ్యాసకర్త మరికాస్త జాగ్రత్త వహించి ఉంటే బాగుండేది. మాథ్యూస్ ఆడిన లీగ్‌లో 12 క్లబ్బులే ఉండేవి, 1982లో సౌత్ మెల్‌బోర్న్ క్లబ్ సిడ్నీకి తరలే దాకా అన్నీ విక్టోరియా రాష్ట్రానివే. 1978కి ముందు మైదానం వీడిన ఆటగాడు మళ్లీ లోపలికి రావడానికి వీలుండేది కాదు. చలికాలంలో బురదలో, అలసిన కాళ్లతో చివరి దాకా నిలబడటమే ఆనాటి పరీక్ష. ఈనాడు 18 క్లబ్బులు, జీతాలపై పరిమితి, కొత్త ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఉన్నాయి కనుక ఏ జట్టుకూ పదే పదే కప్పు గెలవడం సులభం కాదు. నా లెక్కలో ఈనాటి ఒక ప్రీమియర్‌షిప్ ఆనాటి దానికంటే బరువైనది.

తండ్రి పేరు మోయడం ఇంకో భారం. కాలింగ్‌వుడ్‌కు 250 మ్యాచ్‌లు ఆడి 549 గోల్స్ చేసిన పీటర్ డేకోస్, అసాధ్యమనిపించే కోణాల నుంచి గోల్స్ కొట్టడంలో దిట్ట. 1958 తర్వాత 32 ఏళ్లకు, 1990లో, ఆ క్లబ్‌కు కప్పు తెచ్చిన జట్టులో ఆయన ఉన్నారు. ఒకే క్లబ్‌కు కనీసం 100 మ్యాచ్‌లు ఆడినవారి కొడుకును ఆ క్లబ్ ముందుగా తీసుకోవచ్చన్న నిబంధన కిందే నిక్ కాలింగ్‌వుడ్‌కు వచ్చాడు, తండ్రి వేసుకున్న 35వ నంబరు జెర్సీయే వేసుకున్నాడు. ఇదే దారిలో వచ్చిన గ్యారీ అబ్లెట్ జూనియర్ రెండు బ్రౌన్‌లోలు, రెండు ప్రీమియర్‌షిప్‌లు గెలిచినా, తండ్రిని మించిన తనయుడా కాడా అన్న వాదన గీలాంగ్‌లో నేటికీ తెగలేదు. అయితే జూనియర్ తొలిసారి ఆల్-ఆస్ట్రేలియన్ జట్టులోకి (లీగ్‌లోని మేటి ఆటగాళ్లతో ఏటా ప్రకటించే జట్టు) వచ్చింది 23 ఏళ్ల వయసులో. డేకోస్ 22 ఏళ్లకే మూడుసార్లు వచ్చాడు.

వ్యాసంలో గ్రాహం ‘పాలీ’ ఫార్మర్ ప్రస్తావన లేకపోవడం నాకు బాధ కలిగించింది. మూలవాసి సమాజం నుంచి వచ్చిన ఈ రక్‌మన్ (అంపైరు పైకి లేపిన బంతి కోసం ఎగిరే పొడగరి ఆటగాడు), ఇబ్బందిలో పడ్డప్పుడు బంతిని వదిలించుకోవడానికి మాత్రమే వాడుతున్న హ్యాండ్‌బాల్‌ను దాడికి ఆయుధంగా మార్చారు. కారు కిటికీల గుండా బంతిని పంపుతూ ఆయన సాధన చేసిన కథ ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఒక ఆటగాడి తర్వాత ఆట ఆడే తీరే మారితే, అంతకు మించిన కొలమానం ఏముంటుంది? డేకోస్ ఇంకా ఆ పని చేయలేదు. ఇకపై చేసే అవకాశం లేదని కూడా అనలేం.

అలాగే ఎసెండన్ ఫుల్ ఫార్వర్డ్ జాన్ కోల్‌మన్‌ను మరవకూడదు. 98 మ్యాచ్‌లలోనే 537 గోల్స్ చేసిన ఆయన ఆట 1954లో, 25 ఏళ్ల వయసులో, మోకాలి గాయంతో ముగిసిపోయింది. అందుకే డేకోస్ మేటి అవుతాడని ఈ రోజే చాటడం నాకూ సమ్మతం కాదు. కాని కాగల సత్తా అతనికి ఉందని, దానికి బ్రౌన్‌లో పతకం షరతు కాదని నా గట్టి నమ్మకం. రాబోయే సెప్టెంబర్లలో కోచ్ క్రెయిగ్ మెక్‌రే అతన్ని మధ్య వృత్తానికే పరిమితం చేయకుండా గోల్ ముందుకు కూడా పంపితే, మార్టిన్ చేసినట్టు గ్రాండ్ ఫైనల్‌ను ఒంటిచేత్తో మలుపు తిప్పగలడు. మీరు ఈ అంశాన్ని మళ్లీ చేపట్టినప్పుడు ఓట్ల పట్టికతో పాటు ఫైనల్స్ మ్యాచ్‌ల వివరాలను, ఫార్మర్ వంటివారి చరిత్రను కూడా పాఠకుల ముందు ఉంచవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మెల్‌బోర్న్