చిట్టి పోయింది రా

ఒరేయ్,

ఫోన్‌లో చెప్దామంటే గొంతు పెగల్లేదు, అందుకే రాస్తున్నా. చిట్టి పోయింది రా, మొన్న రాత్రి, నా ఒళ్ళోనే. రెండేళ్ల నాలుగు నెలలు. పెంపుడు ఎలుకలు మామూలుగా 2, 3 ఏళ్లే బతుకుతాయి, ఇది నిండు ఆయుష్షే అన్నాడు డాక్టర్. తెచ్చుకున్నప్పుడే తెలుసు నాకూ, కానీ తెలిసుంటే మాత్రం ఏం లాభం.

నువ్వు మొదటిసారి చూసి ఛీ అన్నావు గుర్తుందా, గంటలో నీ చొక్కా జేబులోనే దూరి పడుకుంది. పేరు పెట్టి పిలిస్తే ఎంత నిద్రలో ఉన్నా లేచి పరిగెత్తుకొచ్చేది. చెవుల వెనకాల గోకితే పళ్ళు కిటకిట నూరుతూ కళ్ళు బయటికీ లోపలికీ ఆడించేది, మొదట్లో ఏదో అయిపోతోందని హడలిపోయా, తర్వాత తెలిసింది హాయిగా ఉంటే అలా చేస్తాయని, దవడ కండరం కంటి వెనక నుంచే పోతుంది కాబట్టి పళ్ళు నూరితే కళ్ళు కూడా ఊగుతాయి. చక్కిలిగిలి పెడితే కిచకిచలాడతాయి కూడా, అది 50 కిలోహెర్ట్జ్ దగ్గర, మన చెవికి అందదు. 2019లో జర్మనీ సైంటిస్టులు ఎలుకలతో దాగుడుమూతలు ఆడారు తెలుసా, తిండి ఆశ పెట్టకుండానే నేర్చుకున్నాయి, దొరికిపోయాక కూడా మళ్ళీ పారిపోయి ఇంకోచోట దాక్కునేవి, ఆట అయిపోకూడదని! ఇంత బుర్ర ఉన్నదానికి రెండేళ్లేంట్రా?

చివర్లో వెనక కాళ్ళు పడిపోయాయి. బోనులో అంతస్తులన్నీ తీసేసి కిందే గుడ్డలు పరిచా. అయినా నేను తలుపు తీస్తే ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చేది రా, అది చూడలేకపోయేవాణ్ణి.

ఇప్పుడు దాని జత ఎలుక గుండు ఒక్కతే మిగిలింది. చిట్టి పడుకున్న గుడ్డలోకి దూరి బయటికి రావట్లేదు, సరిగ్గా తినట్లేదు. ఎలుకలు ఒంటరిగా ఉండలేవు. దానికి తోడు తేవాలి, రేపు గుండు పోతే వచ్చినదానికి మళ్ళీ తోడు కావాలి, ఇది తెగే వరస కాదు. ఇక చాలు, మానేయ్ అని ఇంట్లో అందరూ అంటున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమైంది, కానీ నా ఏడుపు తప్పించుకోడానికి గుండుని ఒంటరిని చెయ్యలేను రా.

అందుకే ఆదివారం రెండు ఆడ ఎలుక పిల్లల్ని తెస్తున్నా. ముందు రెండు వారాలు వేరే గదిలో పెట్టి, జబ్బేం లేదనుకున్నాకే గుండుతో కలపాలి. నువ్వు వస్తే బావుంటుంది. పేర్లు నువ్వే పెట్టు, నాకు ఏం ఆలోచించినా చిట్టి అనే వస్తోంది.