టైల్స్ బెజ్జాలకు ఉలి, సుత్తి ఇంకెన్నాళ్లు?

సంపాదకుల వారికి నమస్కారం.

కొత్త ఇళ్లలో స్నానాల గదికి ఖరీదైన టైల్స్ ఎంచి, వరస తప్పకుండా అతికించి, తీరా కుళాయికీ గీజరు పైపుకీ బెజ్జం పెట్టే వేళకు ఉలి, సుత్తి అందుకోవడమో, కటింగ్ మిషన్‌తో నాలుగు పక్కలా గాట్లు పెట్టి మధ్య ముక్కను పొడిచి తీయడమో చాలాచోట్ల ఇప్పటికీ సాగుతోంది. కుళాయి వెనుక బిగించే స్టీలు మూత ఆ వంకర బెజ్జాన్ని కప్పేస్తుంది కనుక ఇంటివారికి ఏదీ కనబడదు. నలుచదరపు గాటు మూలల్లో పుట్టిన సన్నని పగులు మాత్రం మెల్లగా పాకుతుంది. దాని వెంట దిగిన నీరు కొంతకాలానికి అవతలి గది గోడ మీద చెమ్మగా తేలుతుంది. అప్పుడు నింద పెయింటరు మీద పడుతుంది.

ఈ పనికి తగిన సాధనం కార్బైడు రవ్వల హోల్ సా, అంటే డ్రిల్లింగు మిషన్‌కు బిగించి గుండ్రని బెజ్జం కోసే గిన్నె ఆకారపు రంపం. చెక్కకు వాడే హోల్ సాకు ఉన్నట్లు దీనికి పళ్లుండవు. ఉక్కు గిన్నె అంచు చుట్టూ టంగ్‌స్టన్ కార్బైడు అనే అతి గట్టి పదార్థపు రవ్వలు అతికించి ఉంటాయి. పళ్లయితే టైలు పైపూతను పట్టి లాగి పెచ్చులు లేపుతాయి, రవ్వలు అరగదీసుకుంటూ లోపలికి దిగుతాయి. వాడేటప్పుడు డ్రిల్లింగు మిషన్‌లో సుత్తిలా దెబ్బలు కొట్టించే హ్యామర్ మీటను తప్పనిసరిగా ఆపాలి. బెజ్జం వెడల్పు పెరిగేకొద్దీ వేగం తగ్గించాలి. మా మేస్త్రీలలో కొందరు వేగం పెంచి బలంగా అదుముతారు. దాంతో అంచు వేడెక్కి రవ్వలు రాలిపోతాయి, ఆపైన "సరుకు మంచిది కాదు" అంటారు.

అన్ని రాళ్లకూ ఇదొక్కటే సరిపోదని కూడా చెప్పాలి. మామూలు సిరామిక్ గోడ టైల్స్, ఎర్ర ఇటుక, సిమెంటు బోర్డు దీనికి బాగా లొంగుతాయి. కడప బండ, తాండూరు బండ సున్నపురాయి జాతివి కనుక వాటితోనూ పెద్దగా ఇబ్బంది ఉండదు. విట్రిఫైడ్ టైల్స్‌కు, కరీంనగర్, చీమకుర్తి గ్రానైటుకు మాత్రం డైమండ్ అంచు ఉన్నదే కావాలి. ఇక ఇనుప చువ్వలున్న స్లాబు, దూలం జోలికి ఇంజినీరును అడగకుండా ఏ పరికరంతోనూ పోరాదు.

నాకు ఇంతకంటే ఆందోళన కలిగించేది దుమ్ము. టైలు, ఇటుక, కాంక్రీటు పొడిగా కోసినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దీర్ఘకాలం పీల్చితే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది గాని, ఈ ఫ్లాటు నుంచి ఆ ఫ్లాటుకు తిరిగే ప్లంబరు ఏ ఫ్యాక్టరీ లెక్కలోకీ రాడు. స్పాంజితో నీరు అద్దుతూ నిదానంగా కోస్తే దుమ్ము చాలావరకు అక్కడే అణగిపోతుంది, అంచూ చల్లగా ఉంటుంది. అయితే కరెంటు మిషన్ దగ్గర నీళ్లు కనుక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉన్న లైను నుంచే కనెక్షన్ తీసుకోవాలి, నీటి ధార నేరుగా పోయరాదు. పాత ఆస్‌బెస్టాస్ రేకులకైతే ఇంటి పనిలో బెజ్జమే పెట్టకపోవడం మేలు.

నిర్మాణ వ్యయంలో 1 శాతం చొప్పున కార్మిక సంక్షేమం కోసం సెస్సు వసూలవుతోంది. అందులోంచి నమోదైన ప్లంబర్లకు, టైల్స్ మేస్త్రీలకు తరచుగా వాడే కొలతల్లో కార్బైడు, డైమండ్ హోల్ సాలు, మంచి మాస్కులు ఇచ్చి, సమీప ఐటీఐలో తడి కోత నేర్పించవలసిందిగా ఉభయ తెలుగు రాష్ట్రాల సంక్షేమ మండళ్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. బిల్డర్లు కూడా పని ఒప్పందంలోనే ఈ పరికరాల ఖర్చును విడిగా చూపాలి. రోజుకూలికి వచ్చిన మనిషి తన జేబులోంచి కొనుక్కోవాలంటే ఉలినే నమ్ముకుంటాడు.

ఇట్లు,
ఒక గృహ నిర్మాణ పర్యవేక్షకుడు,
కరీంనగర్.